విద్యార్థి పోరాటాల చరిత్రలో మన పుటను భద్రపరిచేదెవరు?

ఏటా జనవరి 25 వచ్చేసరికి చెన్నైలోని మూలకొత్తళం శ్మశానవాటికకు నాయకులు, కార్యకర్తలు పూలదండలతో వస్తారు. 1938-39 హిందీ వ్యతిరేక ఉద్యమంలో జైలుకెళ్ళి 1939లో ప్రాణాలు విడిచిన నటరాజన్, తాళముత్తుల స్మారకం అక్కడే ఉంది. ఎగ్మూరులో నగరాభివృద్ధి సంస్థ సీఎండీఏ నడిచే భవనానికి కూడా వాళ్ళిద్దరి పేర్లే పెట్టారు. తమిళనాడు ఆ రోజును భాషాపోరాట త్యాగుల దినంగా పాటిస్తుంది. 1965 జనవరి 27న చిదంబరంలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన అన్నామలై విశ్వవిద్యాలయ విద్యార్థి రాజేంద్రన్‌ను కూడా ఆ వరుసలోనే తలుచుకుంటారు.

ఆ శ్మశానవాటికకు దగ్గర్లోనే కొండితోపులో, చూళైలో, పెరంబూరులో తరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. మనం కూడా ఈ ఊరివాళ్ళమే. ఆ ఊరేగింపులు చూస్తూ పెరిగినవాళ్ళమే. ప్రాణాలిచ్చిన వాళ్ళకు దండం పెట్టడానికి మనకేమీ అభ్యంతరం లేదు, ఉండకూడదు కూడా. కానీ దండం పెట్టి ఇంటికి వచ్చాక ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ ఊళ్ళో తెలుగు విద్యార్థులు కూడా హక్కుల కోసం నిలబడ్డారు, చదువులు వదులుకున్నారు, జైళ్ళకెళ్ళారు, కోర్టు మెట్లెక్కారు. ఆ కాగితాలు, ఫొటోలు, జ్ఞాపకాలు ఎక్కడున్నాయి? వాటిని ఎవరు భద్రపరుస్తున్నారు?

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకంటే, 1965 జ్ఞాపకం మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. 2025లో జాతీయ విద్యావిధానం, త్రిభాషా సూత్రం మీద కేంద్రానికీ తమిళనాడుకూ మధ్య రగడ ముదిరింది. సమగ్ర శిక్షా పథకం కింద దాదాపు 2,150 కోట్ల రూపాయలు తమకు రాకుండా ఆగిపోయాయని రాష్ట్ర ప్రభుత్వం అంది. ప్రతి వేదిక మీదా 1938, 1965 తేదీలు వినిపిస్తున్నాయి. ఆ విద్యార్థి ఉద్యమం నేపథ్యంగా ‘పరాశక్తి’ సినిమా తీసిన సుధా కొంగర తెలుగింటి ఆడపడుచే. అంటే పాత చరిత్రకు రాజకీయాల్లోనూ సినిమాల్లోనూ గిరాకీ ఉంది. గిరాకీ ఉన్నప్పుడు చరిత్ర ఎవరి దగ్గర కాగితాలుంటే వాళ్ళ వైపు నుంచే రాసి ఉంటుంది. మన దగ్గర కాగితాలు లేకపోతే మనం అందులో ఉండం.

గుర్తుంచుకోవడంలోనూ వరుసలున్నాయి

ఒక ప్రభుత్వమో పార్టీయో స్మారకం కట్టిందంటే, తనకు పనికొచ్చే జ్ఞాపకాన్ని ఎంచుకుందని అర్థం. ఇది తమిళనాడుకు మాత్రమే వర్తించేది కాదు, అన్నిచోట్లా అంతే. అయినా దగ్గరి ఉదాహరణ ఒకటి చూద్దాం. 1965లో రాజేంద్రన్ చదివిన అదే అన్నామలై విశ్వవిద్యాలయంలో 1971లో ముఖ్యమంత్రి కరుణానిధికి గౌరవ డాక్టరేటు ఇవ్వడాన్ని కొందరు విద్యార్థులు వ్యతిరేకించారు. పోలీసులు లాఠీలు ఝళిపించారు. ఆ తర్వాత ప్రాంగణంలోని చెరువులో ఒక యువకుడి శవం దొరికింది. అది ఉదయకుమార్ అనే విద్యార్థిదని తోటివాళ్ళన్నారు. శవం ఎవరిదన్న దాని మీదే వివాదం నడిచింది, విచారణ సంఘం కూడా వేశారు. రాజేంద్రన్‌కు విగ్రహం ఉంది. ఉదయకుమార్ పేరు మాత్రం అధికారిక క్యాలెండర్‌లో ఎక్కడా లేదు. ఒకే విశ్వవిద్యాలయం, ఆరేళ్ళ తేడా. మొదటి మరణం అధికారంలోకి రాబోయే వాళ్ళకు పనికొచ్చింది, రెండోది అధికారంలో ఉన్నవాళ్ళకు ఇబ్బందైంది.

కాబట్టి మన పిల్లల చరిత్రను ఎవరో వచ్చి రాసిపెడతారని కూర్చోవడం అమాయకత్వం. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 42 లక్షల మంది. రాష్ట్ర జనాభాలో ఆరు శాతానికి కాస్త తక్కువ. ఏ పార్టీకీ మన జ్ఞాపకం అత్యవసరం కాదు. అది మనకే అవసరం.

కళాశాల గెంటేసిన విద్యార్థి, గ్రంథాలయాలు పెట్టించిన పెద్దమనిషి

తెలుగు విద్యార్థుల హక్కుల పోరాటం ఎక్కడ మొదలైందంటే చాలామంది 1907 రాజమహేంద్రవరం వైపు చూపిస్తారు. ఆ ఏడాది బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతమంతా తిరుగుతూ రాజమండ్రి వచ్చారు. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వాళ్ళను శిక్షించారు. అందరికన్నా ముందు వేటు పడినవాడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. పాల్ ఆ యాత్ర ముగింపులో మద్రాసు వచ్చి ట్రిప్లికేన్ సముద్రతీరంలో ఉపన్యసించారు. అప్పటి విద్యార్థులకు రాజమండ్రి, మద్రాసు రెండూ ఒకే రాష్ట్రంలోని ఊళ్ళే.

హరిసర్వోత్తమరావు ఆ తర్వాత పత్రిక నడిపి జైలుకెళ్ళారు. అంతకన్నా మనకు ముఖ్యమైన సంగతి మరొకటుంది. అయ్యంకి వెంకటరమణయ్యతో పాటు ఆయన ఆంధ్ర గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కయ్యారు. చదువుకునే హక్కు పోగొట్టుకున్న విద్యార్థి, ఊరూరా పుస్తకాలు పెట్టించే పనిలో జీవితం గడిపాడు. హక్కుల కోసం కొట్లాడటం, కాగితాలు దాచిపెట్టడం వేర్వేరు పనులు కావని ఆయన జీవితమే చెబుతుంది.

మద్రాసులోనే చదివిన మరో విద్యార్థి పుచ్చలపల్లి సుందరయ్య. నెల్లూరు జిల్లా అలగానిపాడు నుంచి వచ్చి లయోలా కాలేజీలో చేరారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలవగానే చదువు వదిలేసి వెళ్ళారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్ళు. వయసు చాలదని బాల నేరస్థుల బోర్‌స్టల్ పాఠశాలకు పంపారు. ఇది మనకెలా తెలుసు? ఆయన తర్వాత ‘విప్లవ పథంలో నా పయనం’ పేరుతో ఆత్మకథ రాసుకున్నారు కాబట్టి. ఆయన రాశారు సరే, ఆయనతో పాటు ఆ ఏడాది మద్రాసు కాలేజీలు వదిలిన మిగతా తెలుగు కుర్రాళ్ళ సంగతి? నాయకులైనవాళ్ళు ఆత్మకథలు రాస్తారు. నాయకులు కానివాళ్ళు పిల్లలకు నోటిమాటగా చెప్పి వెళ్ళిపోతారు. ఆ మాటలు రెండో తరం దాటవు.

1952 సంగతి ఇంకా దగ్గరిది. జార్జిటౌనులో పుట్టిన పొట్టి శ్రీరాములు ఆ ఏడాది అక్టోబర్ 19న బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58 రోజుల తర్వాత డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. మైలాపూరులోని ఆ ఇంటి స్థలం ఈ రోజు స్మారక భవనం. అక్కడ మన సభలు జరుగుతుంటాయి. ఆయన మరణవార్తతో ఆంధ్ర జిల్లాల్లో విద్యార్థులు, యువకులు రోడ్డెక్కారు. అనకాపల్లి, నెల్లూరుల్లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. డిసెంబర్ 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటు ప్రకటించారు. శ్రీరాములు పేరు అందరికీ తెలుసు. కాల్పుల్లో పోయిన కుర్రాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు? అంతెందుకు, అదే శ్రీరాములు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని నిరాహారదీక్ష చేసిన సంగతి మన సభల్లో ఎన్నిసార్లు వినబడుతుంది? పార్టీల ఎంపికను తప్పుపట్టిన మనం, మన ఎంపికను కూడా ఒకసారి చూసుకోవాలి.

1952లో పదహారు, పద్దెనిమిదేళ్ళ వయసున్న వాళ్ళు ఇప్పుడు తొంభైల్లో ఉన్నారు. మన ఇళ్ళల్లో ఒకరిద్దరు మిగిలి ఉండవచ్చు. వాళ్ళ దగ్గర కూర్చుని రికార్డు చేసుకోవడానికి మనకున్న వ్యవధి ఏళ్ళలో లెక్కపెట్టేది కాదు.

2016లో పదో తరగతి రాసిన పిల్లలు

పాతతరం ఒక ఎత్తు, మన కళ్ళముందే జరిగిన పోరాటం మరో ఎత్తు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికో తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేసింది. ఆ లెక్కన మొదటి బ్యాచి 2016 మార్చిలో పదో తరగతి పరీక్షకు కూర్చుంది. అంతకుముందు మొదటి భాషగా తెలుగో, ఉర్దూనో, కన్నడమో, మలయాళమో రాసిన పిల్లలు ఇకమీదట తమిళమే రాయాలి. మాతృభాష ఐచ్ఛికమైపోయింది.

భాషా అల్పసంఖ్యాకుల తరఫున వాదించినవాళ్ళు తమిళం వద్దనలేదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. తమిళనాట ఉంటూ తమిళం రాకుండా బతకాలని మనలో ఎవరూ కోరుకోరు, వీధిలో ఆడుకునే మన పిల్లలకు తమిళం వచ్చు. వాళ్ళ వాదన వేరు. చట్టం వచ్చింది గానీ, ఆ బళ్ళల్లో తమిళం చెప్పే టీచర్లను సరిగా వేయలేదు. పదేళ్ళు బోధించకుండా పదో తరగతిలో పరీక్ష పెడితే, బోర్డు పరీక్షలో పోయేది పిల్లల మార్కులే. రాజ్యాంగంలోని 29, 30 అధికరణాలు భాషా అల్పసంఖ్యాకులకు హక్కులిచ్చాయి. 1956 రాజ్యాంగ సవరణతో వచ్చిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలకు చెబుతోంది. అర్జీల్లో ఉన్నవి ఈ మాటలే.

మద్రాసు హైకోర్టు 2016లో ఆ పిల్లలకు మినహాయింపు ఇచ్చింది. ఆ తర్వాత కూడా మినహాయింపు కొనసాగుతూ వచ్చింది. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో ఏడాది మినహాయింపు పొడిగించింది. ఏళ్ళ తరబడి మన పిల్లలు పరీక్ష దగ్గరపడుతున్నా ఏ భాషలో రాయాలో తెలియక ఎదురుచూశారు. అది పదిహేనేళ్ళ పిల్లవాడికి ఎంత బరువో అనుభవించిన ఇళ్ళకు తెలుసు.

2016లో పరీక్ష రాసిన పిల్లలిప్పుడు ఇరవై అయిదు దాటారు. ఉద్యోగాలకు బెంగళూరు, హైదరాబాదు, అమెరికా వెళ్ళారు. అర్జీల నకళ్ళు, హాల్‌టికెట్లు, బడి నుంచి వచ్చిన ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు అమ్మానాన్నల అల్మారాల్లో ఉన్నాయి. ఇల్లు మారేటప్పుడు మొదట చెత్తలోకి పోయేవి అవే. కోర్టు ఉత్తర్వులు నిలుస్తాయి కదా అనుకోవచ్చు. తీర్పులు నిలుస్తాయి. కానీ కేసుల్లోని చిల్లర కాగితాలను గడువు తీరాక తొలగించడానికి 1917 నుంచే ఒక చట్టం ఉంది. పిల్లలు ఏమని రాసుకున్నారో, తల్లిదండ్రులు ఎంత ఖర్చు పెట్టుకున్నారో, ఏ టీచరు సాయపడ్డారో తీర్పులో ఉండదు. చరిత్ర అంటే అదే కదా.

రెండు పోరాటాలది ఒకటే సూత్రం

ఇక్కడ కొందరికి ఒక సందేహం. జనవరి 25న తమిళ భాషా త్యాగులకు దండం పెట్టి, ఇంకో పక్క తమిళ చట్టం మీద కోర్టుకెక్కిన పిల్లలను తలుచుకుంటే వైరుధ్యం కాదా? మేం కాదనే అంటాం. 1965లో తమిళ విద్యార్థులు అడిగినదేమిటి? మా నోటికి రాని భాషలో మా భవిష్యత్తును పరీక్షించవద్దని. హిందీ ఒక్కటే అధికార భాష అయితే కేంద్ర ఉద్యోగాల పరీక్షల్లో తాము వెనకబడతామన్నది వాళ్ళ భయం. ఆ భయం న్యాయమైనదని తర్వాత దేశమే ఒప్పుకుంది. 1968 జనవరి 23న తమిళనాడు శాసనసభ ద్విభాషా విధానం తీర్మానించింది. 2016లో తెలుగు పిల్లలు అడిగినదీ అదే. కాకపోతే అడిగిన చోటు ఢిల్లీ కాదు, చెన్నై. ఢిల్లీకి వర్తించే న్యాయం చెన్నైకి వర్తించదంటే అది న్యాయం కాదు, బలం.

అందుకే మన కథను తమిళులకు వ్యతిరేకంగా రాయనక్కర్లేదు. వాళ్ళు గౌరవించే సూత్రాన్నే మన పిల్లలూ నమ్ముకున్నారని రాస్తే చాలు. అలా రాసిన చరిత్రను నిజాయితీ ఉన్న తమిళ పాఠకుడు కూడా కాదనలేడు. ఆవేశంతో రాస్తే మాత్రం మన దగ్గర దాచినా ఎవరూ చదవరు.

తెలుగునాట ఏం మిగిలింది, ఏది ఎలా మిగిలింది

ఎలా దాచాలో తెలుసుకోవాలంటే తెలుగు రాష్ట్రాల అనుభవం చూడాలి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్ళను చేర్చుకుంది. వాళ్ళలో ఒకరు పి.వి. నరసింహారావు. ఆయన ప్రధాని అయ్యారు కాబట్టి ఆ సంగతి పాఠ్యపుస్తకాలకెక్కింది.

1952 సెప్టెంబర్‌లో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర ముల్కీ ఉద్యమ విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక ఉంది కాబట్టి ఈ రోజు కూడా ఆ సంఘటన గురించి గట్టిగా మాట్లాడగలుగుతున్నారు. 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయింది 369 మంది అన్నది ఉద్యమకారుల లెక్క. శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపమిచ్చిన గన్‌పార్కు స్తూపం శాసనసభ ఎదుటే ఉంది. 2023 జూన్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున మరో పెద్ద అమరుల స్మారకం తెరిచారు. స్తూపాలు పెద్దవవుతున్నాయి. ఒక్కొక్క అమరుడి ఊరు, చదువు, కుటుంబం వివరాలతో జాబితా తయారుచేసే పని స్తూపంకన్నా కష్టమైనది. అది కట్టడం పనివాళ్ళ చేతిలో ఉండదు, ఓపికున్న మనుషుల చేతిలో ఉంటుంది.

1975 జూలై 25న, ఎమర్జెన్సీ పెట్టి నెల తిరగగానే, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను కాల్చి చంపారు. వాళ్ళలో సూరపనేని జనార్దన్ వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి. ఎదురుకాల్పులని పోలీసులన్నారు. 1977లో తార్కుండే కమిటీ విచారించి, చెట్లకు కట్టి కాల్చారని తేల్చింది. ఈ కేసును భుజానికెత్తుకున్న న్యాయవాది కె.జి. కన్నబిరాన్. మదురైలో పుట్టి, నెల్లూరులో చదివి, మద్రాసులో న్యాయశాస్త్రం చేసి హైదరాబాదు వెళ్ళిన తమిళుడాయన. తెలుగునేల మీద పౌరహక్కులకు గొంతుగా నిలిచారు. అక్కడ తెలుగు విద్యార్థుల సత్యాన్ని ఒక తమిళ మాతృభాషీయుడు కాగితం మీద పెట్టించాడు. ఇక్కడ మనం, తమిళులు కలిసి ఆ పని చేయలేమా?

1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ప్రాంగణంలో హత్యకు గురైన జార్జి రెడ్డిని ఆయన స్నేహితులు నిలబెట్టుకున్నారు. 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల జ్ఞాపకాన్ని హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తోటి విద్యార్థులు ‘వెలివాడ’ పేరుతో నిలిపారు. దానికి దాదాపు ఎనిమిది నెలల ముందే, 2015 మే నెలలో మన చెన్నైలోనే ఐఐటీ మద్రాసు అంబేడ్కర్-పెరియార్ స్టడీ సర్కిల్ గుర్తింపు రద్దు చేసింది. దేశమంతా నిరసన రేగాక జూన్‌లో పునరుద్ధరించింది. విద్యార్థుల మాట హక్కు మీద చెన్నైలో జరిగిన ముఖ్యమైన ఘట్టం అది. మన పిల్లలు ఎందరో చదివే ఆ సంస్థలో, దాని కరపత్రాలు, చర్చల రికార్డులు ఎక్కడున్నాయో ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి.

ఢాకా, సొవెటో, గ్రీన్స్‌బరో

భాష కోసం విద్యార్థులు నిలబడిన కథ ప్రపంచంలో మనదొక్కటే కాదు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ కోసం ఊరేగిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. రెండు రోజుల్లోనే వైద్య విద్యార్థులు రాత్రికి రాత్రి ఒక స్మారకం కట్టారు. పోలీసులు దాన్ని కూల్చేశారు. కూల్చినా ఆ తేదీ పోలేదు. 1999లో యునెస్కో దాన్ని అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. మన తెలుగు సంఘాలు ఫిబ్రవరి 21న జరుపుకునే సభలకు మూలం ఆ పిల్లల నెత్తురే.

1976 జూన్ 16న దక్షిణాఫ్రికాలోని సొవెటోలో బడిపిల్లలు ఆఫ్రికాన్స్ భాషలో చదువు రుద్దవద్దని వీధుల్లోకి వచ్చారు. పోలీసు తూటాకు బలైన హెక్టర్ పీటర్సన్ పేరుతో అక్కడ మ్యూజియం ఉంది. జూన్ 16 ఆ దేశంలో యువజన దినం, సెలవు.

అమెరికాలో 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తమకు వడ్డించని హోటల్ బల్ల దగ్గర కూర్చుని కదలలేదు. ఆ దుకాణ భవనం ఈ రోజు పౌరహక్కుల మ్యూజియం. అంతకన్నా మనకు పనికొచ్చే పాఠం, ఆ ఉద్యమంలోంచి పుట్టిన విద్యార్థి సంఘం ఎస్‌ఎన్‌సీసీ పాత సభ్యులు చేసిన పని. ముసలివాళ్ళయ్యాక వాళ్ళే డ్యూక్ విశ్వవిద్యాలయంతో చేతులు కలిపి తమ చరిత్రను ఇంటర్నెట్‌లో పెట్టించారు. పండితులు వచ్చి తమ గురించి రాస్తే చదువుకోవడం కాదు. ఏది ముఖ్యమో, ఏ ఊళ్ళో ఎవరు అన్నం పెట్టారో, ఏ తప్పు చేశామో తామే చెప్పారు. మనకూ ఆ పద్ధతే సరిపోతుంది.

మన ఇంట్లో సర్దుకోవలసినవి

ఈ పని మొదలుపెట్టేముందు మన లోపాలు కూడా రాసుకోవాలి. మనం తెలుగు అనగానే ఎవరిని లెక్కపెడుతున్నాం? చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలవాళ్ళు. 2025 ఆగస్టు 1 నుంచి రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పని ప్రైవేటు సంస్థకు ఇవ్వవద్దని వాళ్ళు రిప్పన్ భవనం ముందు 13 రోజులు కూర్చున్నారు. 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వాళ్ళను తొలగించారు. మద్దతుగా నిలిచిన న్యాయవాదులను, న్యాయ విద్యార్థులను కూడా అదుపులోకి తీసుకున్నారు. వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది. ఆ రాత్రి రిప్పన్ భవనం దగ్గర వినిపించిన నినాదాల్లో తెలుగు ఉంది. ఉగాది సభల్లో మాత్రం ఆ కుటుంబాలకు ముందు వరస కుర్చీలుండవు. రేపు ఈ చరిత్ర రాసేవాళ్ళు ఆ పోరాటాన్ని తెలుగు చరిత్రగా రాయాలా వద్దా? మేం రాయాలనే అంటాం.

ఆడపిల్లల సంగతీ అంతే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1930లో ఇదే మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయ్యారు, తర్వాత ఇక్కడే ఆంధ్ర మహిళా సభ నిలబెట్టారు. ఆమె పేరు మిగిలింది. కోర్టు కేసుల్లో తమ పిల్లల కోసం తిరిగిన తల్లుల పేర్లు, వాదనల్లో కూర్చున్న అమ్మాయిల పేర్లు మిగిలాయా?

ఇంకో మాట, కాస్త నొప్పి కలిగించేది. మనలో చాలామంది తెలుగు బడులను వదిలి ఇంగ్లిష్ మీడియం వెతుక్కున్నాం. మైలాపూరు, త్యాగరాయనగర్ కేసరి బడుల్లో, జార్జిటౌనులో ఎస్‌.కె.పి.డి. బడిలో చదివిన తరం వాళ్ళ పిల్లలు ఈ రోజు తెలుగు అక్షరాలు రాయలేరు. కోర్టుకెక్కిన వాళ్ళు ఎక్కువగా వేరే దారి కొనుక్కోలేని ఇళ్ళ పిల్లలు. వాళ్ళ పోరాటం మనందరిదని చెప్పుకునే ముందు, అప్పుడు మనం ఎక్కడున్నామో కూడా రాసుకోవాలి.

రేపటి నుంచి చేయదగ్గవి

పెద్ద భవనం, విగ్రహం, కమిటీ అవసరం లేదు. మొదటి పని వినడం. ఎనభై దాటిన పెద్దల దగ్గర కూర్చుని ఫోనులో రికార్డు చేయవచ్చు. ఏ బడి, ఏ కాలేజీ, ఏ హాస్టలు, ఎవరితో కలిసి, ఏ వీధిలో, ఇంట్లోవాళ్ళేమన్నారు, తర్వాత ఉద్యోగమేమైంది - ఇలా చిన్న ప్రశ్నలు అడగాలి. పెద్ద ప్రశ్నలకు ఉపన్యాసాలే వస్తాయి. చిన్న ప్రశ్నలకు జ్ఞాపకాలొస్తాయి. తేదీ, చోటు, మాట్లాడిన మనిషి పేరు మొదట్లోనే రికార్డులో చెప్పించాలి.

రెండో పని కాగితాలు. 2016 నాటి అర్జీలు, హాల్‌టికెట్లు, కరపత్రాలు, ఫొటోలు పారేయకండి. ప్రతి ఫొటో వెనక పెన్సిలుతో పేర్లు రాసిపెట్టండి. కేసు నంబరు తెలిస్తే ఒక కాగితం మీద రాసి అందులో పెట్టండి. స్కాన్ చేసిన నకలు ఇంట్లో ఒకటి, మరో ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర ఒకటి ఉండాలి. 2015 డిసెంబర్ వరదల్లో చెన్నైలో ఎన్ని ఇళ్ళల్లో ఆల్బములు పోయాయో మనకు తెలుసు.

మూడో పని, వాటికో చోటు. చెన్నైలో కన్నెమరా గ్రంథాలయం, తమిళనాడు ప్రభుత్వ ఆర్కైవ్స్, తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం, మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు శాఖ ఉన్నాయి. మద్రాసు నుంచి దశాబ్దాలు వెలువడిన ఆంధ్రపత్రిక పాత సంచికలు ప్రెస్ అకాడమీ చలవతో డిజిటల్ రూపంలో దొరుకుతున్నాయి. 1952 డిసెంబర్ సంచికలు వెతికితే మన తాతల పేర్లు కనబడవచ్చు. మన సంఘాలు ఒక్కొక్కటీ ఒక్కొక్క పని తీసుకోవచ్చు. పత్రికలు వెతికేవాళ్ళు ఒకరు, రికార్డింగులు చేసేవాళ్ళు ఒకరు, సమాచార హక్కు చట్టం కింద బళ్ళ వివరాలు అడిగేవాళ్ళు ఒకరు.

నాలుగోది జాగ్రత్త. కోర్టుకెళ్ళిన నాటికి ఆ పిల్లలు మైనర్లు. ఇప్పుడు పెద్దవాళ్ళు కాబట్టి, పేరు బయటపెట్టాలా వద్దా అన్నది వాళ్ళనే అడగాలి. ఏ రికార్డు ఎవరు చూడవచ్చో, ఎప్పటినుంచి చూడవచ్చో ఇచ్చినవాళ్ళ సంతకంతో రాసిపెట్టుకోవాలి. మన సంఘాల మధ్య పోటీలకు, వచ్చే ఎన్నికల వేదికలకు ఈ కాగితాలు సరుకు కాకూడదు.

అయిదోది, తమిళం. సేకరించినదాన్ని తమిళంలోకి కూడా తేవాలి. పక్కింటివాళ్ళు చదవలేని చరిత్ర ఈ ఊళ్ళో సగం చరిత్రే అవుతుంది.

మూలకొత్తళంలో ఏటా దండలు పడతాయి. మైలాపూరు స్మారక భవనంలో డిసెంబర్ 15న దీపం వెలుగుతుంది. రెండూ ఉండవలసినవే. వాటి పక్కన ఒక అల్మారా కూడా ఉండాలి. అందులో 2016లో ఒక తెలుగు పిల్లవాడు రాసిన అర్జీ, వాళ్ళమ్మ దాచిన హాల్‌టికెట్, 1952లో కాలేజీ మానేసి నడిచిన తాతయ్య గొంతు ఉండాలి. ఆ అల్మారాకు తాళంచెవి ఏ ప్రభుత్వం దగ్గరా లేదు, మన ఇళ్ళల్లోనే ఉంది. ఈ ఆదివారం అటక మీది పాత పెట్టె దించి చూడండి.